కొండకీ కొండకీ మధ్య నేల కోసం: ఒక రోడ్డు విస్తరణలో నా అనుభవం

నల్లమల అనగానే చాలామందికి శ్రీశైలం ఘాటు గుర్తొస్తుంది కానీ ఆ కొండలు అక్కడితో ఆగిపోవు. గిద్దలూరు దాటి, పోరుమామిళ్ల, బద్వేలు పక్కగా దక్షిణానికి సాగి సిద్ధవటం దగ్గర పెన్న దాకా వస్తాయి. పెన్న అవతల పాలకొండలు మొదలవుతాయి, అవి పోయి పోయి శేషాచలంలో కలుస్తాయి. నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వు, గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం, శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం, చివర్లో తిరుమల కొండల్లో శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం, అన్నీ ఈ వరస మీదే ఉన్నాయి.

మ్యాపులో చూస్తే ఆకుపచ్చ రంగు పైనుంచి కిందదాకా కలిసే ఉన్నట్టు ఉంటుంది. నేల మీద నడిస్తే మాత్రం మధ్యమధ్యలో తెగుతుంది. ఒక చోట రోడ్డు, ఒక చోట కాలువ, ఇంకో చోట బత్తాయి తోట చుట్టూ ముళ్లతీగ, ఆ పక్కన కంకర క్వారీ. అలా తెగే ఒక చోటు గురించే ఇది రాస్తున్నాను. మా వైపు ఒక రోడ్డుని వెడల్పు చేసే పని వచ్చినప్పుడు, జంతువులు అటూ ఇటూ దాటే దారి పూర్తిగా మూసుకుపోకూడదని మేం కొంతమందిమి తిరిగాం, కాగితాలు పెట్టాం, ప్రజాభిప్రాయ సేకరణలో మాట్లాడాం. రోడ్డు పేరు, ఊరి పేరు రాయను. పని ఇంకా నడుస్తోంది, మాకు సాయం చేసిన రైతులకీ కింది స్థాయి సిబ్బందికీ దీనివల్ల ఇబ్బంది రాకూడదు.

ముందుగా ఒక మాట. అభయారణ్యం లోపల ఏం జరుగుతుందో చూడటానికి బీట్ ఆఫీసర్లు, బేస్ క్యాంపులు, చెక్‌పోస్టులు ఉన్నాయి. చాలదంటే చాలదు, కానీ కనీసం ఉంది. ఒక కొండ అయిపోయి ఇంకో కొండ మొదలయ్యే మధ్య ఉన్న ఆ రెండు మూడు కిలోమీటర్లకి మాత్రం ఎవరూ లేరు. అది అడవిలా కూడా కనిపించదు. కలివి పొదలు, తుమ్మ, బలుసు, మేకలు తిరిగే బయలు, ఒక వాగు. దాన్ని చూసి "ఇక్కడ ఏముంది కాపాడటానికి" అనేస్తారు. అన్నీ అలా అనుకున్న చోటే పోతాయి.

ఇదేమీ ఊహ కాదు. 2014లో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ, డెహ్రాడూన్‌లోని భారతీయ వన్యప్రాణి సంస్థ కలిసి దేశంలోని 32 ప్రధాన పులుల కారిడార్లను గుర్తించి ఒక నివేదిక తెచ్చాయి. నాగార్జునసాగర్ నుంచి శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం దాకా ఉన్న ఈ దారి అందులో ఒకటి. నేను ఆ నివేదిక చదివింది చాలా ఆలస్యంగా, రోడ్డు నోటీసు వచ్చాకే. మా ఇంటి మిద్దె మీద నుంచి కనిపించే కొండ దేశం మొత్తం లెక్కలో ఉందని తెలిశాక ఊరికే కూర్చోబుద్ధి కాలేదు.

పులి ఎంత దూరం పోతుందో తెలిస్తే ఈ మధ్య నేల విలువ అర్థమవుతుంది. రెండేళ్లు దాటిన మగ పులి తల్లిని వదిలి సొంత చోటు వెతుక్కుంటూ పోతుంది. మహారాష్ట్రలోని టిప్పేశ్వర్ నుంచి 2019లో బయల్దేరిన రేడియో కాలరు పులి ఒకటి తెలంగాణ జిల్లాల్లోకి కూడా వచ్చి, తిరిగి తిరిగి జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. మొత్తం మీద 3,000 కిలోమీటర్లకు పైగా నడిచింది. ఆ దారంతా అడవి కాదు, ఎక్కువ భాగం పొలాలు, వాగులు, రోడ్లు. పగలు ఎక్కడో పొదల్లో పడుకుని రాత్రి నడిచింది. అలాంటి దారి లేకపోతే ఒక అడవిలో ఉన్నవి అక్కడే ఉండిపోయి దగ్గరి రక్తంలోనే జతకడతాయి, తరాలు గడిచేకొద్దీ బలహీనపడతాయి. పులి పేరు చెబితే అందరూ వింటారు కాబట్టి పులి గురించి చెప్పాను. కణితి (సాంబర్ అనే పెద్ద అడవి జింక), ఎలుగుబంటి, రేచుకుక్కలు, అలుగు (పాంగోలిన్), అన్నింటికీ ఇదే కష్టం.

దేవాంగపిల్లి, అంటే రాత్రిపూట చెట్ల మీద తిరిగే చిన్న లోరిస్, దాని సంగతి మరీ బాధగా ఉంటుంది. దానికి దూకడం రాదు. ఒక కొమ్మ పట్టుకుని ఇంకో కొమ్మ అందుకుంటూ మెల్లగా పోయే జీవి. రోడ్డుకి రెండు వైపులా ఉన్న చింతచెట్ల కొమ్మలు పైన కలిసి ఉన్నన్నాళ్లూ దానికి రోడ్డు ఉన్నట్టే లెక్క కాదు. వెడల్పు చేయడానికి ఆ చెట్లు కొట్టేశారంటే దానికి మిగిలేది కిందికి దిగి తారు మీద పాకుతూ దాటడమే, రాత్రిపూట, లారీల మధ్య.

నోటీసు పేపర్లో వచ్చింది. పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్, అదే 2006 నాటిది, దాని ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకి కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలోనూ ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ ప్రకటన వేయాలి. ముసాయిదా నివేదికని కలెక్టరేట్, జిల్లా పరిషత్ లాంటి చోట్ల ఎవరైనా చూసేలా పెట్టాలి, సారాంశం స్థానిక భాషలో ఉండాలి. అన్ని రోడ్లకీ ఈ సభ జరగదు. జాతీయ రహదారి విస్తరణ అయితే పొడవు 100 కిలోమీటర్లు దాటి, అదనంగా తీసుకునే భూమి వెడల్పు, ఇప్పుడున్న దారి మీద అయితే 40 మీటర్లకి, కొత్త మలుపుల దగ్గర 60 మీటర్లకి మించినప్పుడే పర్యావరణ అనుమతి అవసరమవుతుంది. ఆ గీత కింద ఉండిపోయే రోడ్లకి మన మాట చెప్పుకునే ఈ వేదికే ఉండదు. మా రోడ్డుకి ఉంది కాబట్టి దాన్ని వదులుకోకూడదనుకున్నాం.

పూర్తి నివేదిక లావుగా ఇంగ్లీషులో ఉంది. తెలుగు సారాంశం పల్చగా ఉంది, అందులో జంతువుల గురించి ఒక్క పేరా. ఉడుతలు, కాకులు, ముంగిసలు లాంటి సాధారణ జీవులు ఉన్నాయనీ, వలస దారులేవీ లేవనీ రాశారు. మా ఊరి మేకల కాపరి ఎవరిని అడిగినా కణితులు ఏ మలుపు దగ్గర దాటతాయో వేలు పెట్టి చూపిస్తాడు. అక్కడికి వచ్చి ఒక రాత్రి ఉండి చూసినవాళ్లు రాసే వాక్యం కాదది. నాకు నిజంగా కోపం వచ్చింది, కానీ సభలో కోపం వల్ల ఏమీ రాదు, కాగితం మీద ఆధారం ఉండాలి. అందుకే నడవడం మొదలుపెట్టాం.

రేంజ్ ఆఫీసులో రాసిచ్చి, వాళ్లు ఒప్పుకున్నాకే నడిచాం. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా పోకూడదు, కెమెరాలు కట్టకూడదు. ఉత్సాహంతో అలా చేసినవాళ్ల మీద కేసులవుతాయి, పైగా తెచ్చిన ఆధారం కూడా చెల్లదు. మా వెంట ఒక ప్రొటెక్షన్ వాచర్ వచ్చాడు. పెద్దాయన, యానాది, అడవిలో పుట్టి పెరిగినవాడు. మేం సెల్‌ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ ఉంటే ఆయన నేల చూసుకుంటూ ముందు నడిచేవాడు.

మేం చేసింది ఏమంటే, ఆ రోడ్డు మీద కొండల మధ్య భాగంలో ఉన్న ప్రతి కల్వర్టు, ప్రతి చిన్న బ్రిడ్జి దగ్గర దిగి కిందికి పోయి చూడటం. వెడల్పు, ఎత్తు, పొడవు టేపుతో కొలవడం. లోపల నీళ్లున్నాయా, బురదా, పొడి నేలా, అవతలి వెలుతురు కనిపిస్తోందా, నోటి దగ్గర కంచె ఉందా, చెత్త పడేశారా, రాసుకోవడం. సాయంత్రం నోటి దగ్గర మట్టిని జల్లెడ పట్టి పల్చగా పరిచి, పొద్దున్నే ఎండ ఎక్కకముందే వచ్చి అడుగులు చూడటం. ఎండ నిలువుగా పడితే అడుగు అంచు కనిపించదు, ఏటవాలు వెలుతురులో చక్కగా తెలుస్తుంది. ఇది పెద్దాయన చెప్పిందే. పక్కన స్కేలు పెట్టి ఫోటో, తేదీ, టైము, అక్షాంశ రేఖాంశాలు.

చెవులపిల్లి, నక్క, పునుగుపిల్లి, ఉడుము, ఏదుపంది, ఇవి చిన్న పైపుల్లోంచి కూడా పోతున్నాయి. అడవిపంది కొంచెం పెద్ద కల్వర్టు అయితే పోతుంది. దుప్పులూ కణితులూ మాత్రం పైపు నోటిదాకా వచ్చి, అక్కడే కాసేపు తచ్చాడి, తిరిగి గట్టెక్కి రోడ్డు మీదనే దాటిన జాడలు. ఒక చోట వాగు మీద పాత రాతి బ్రిడ్జి ఉంది, దాని కింద ఎత్తు బాగా ఉంది, ఇసుక నేల, అవతలి పొద కనిపిస్తుంది. అక్కడ కణితి అడుగులు, వాటి మీదుగా చిరుత అడుగు. పెద్దాయన కూర్చుని చాలాసేపు చూసి "ఇది రోజూ తిరిగే దోవ సార్, ఈ దోవ మీ రోడ్డు కంటే పాతది" అన్నాడు. ఆ మాటని మా వినతిపత్రంలో మొదటి వాక్యంగా పెట్టాలనిపించింది. చివరికి పెట్టలేదు, అధికారులు చదివే కాగితానికి కొలతలే ముందుండాలని మాలో ఒకరు గట్టిగా చెప్పారు, సరైన మాటే.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే మొత్తం వాదన దీని మీదే నిలబడింది. కింది దారి ఎంత తెరిపిగా ఉందో చెప్పడానికి దాని వెడల్పుని ఎత్తుతో గుణించి పొడవుతో భాగిస్తారు. అన్నీ మీటర్లలో. గుండ్రటి పైపు అయితే వెడల్పు, ఎత్తుల గుణకారం బదులు దాని నోటి వైశాల్యం తీసుకోవాలి. పొడవు అంటే జంతువు లోపల నడవాల్సిన దూరం, అంటే రోడ్డు వెడల్పు. అమెరికాలో మ్యూల్ జింకల మీద చేసిన పరిశీలనల నుంచి జింకలకి ఈ విలువ కనీసం 0.6 ఉండాలనే లెక్క వచ్చింది, ఇప్పటికీ చాలాచోట్ల అదే వాడతారు. ఇప్పుడు చూడండి: ఒక మీటరు వ్యాసం ఉన్న హ్యూమ్ పైపు (గుండ్రటి సిమెంటు పైపు) 10 మీటర్ల రోడ్డు కింద ఉంటే 0.08 కూడా రాదు. అదే పైపుని రోడ్డు 30 మీటర్లయ్యాక కూడా అలాగే పొడిగించి వదిలేస్తే 0.026. అంటే రోడ్డు వెడల్పు చేస్తూ "ఉన్న కల్వర్టులన్నీ అలాగే ఉంచుతున్నాం, ఏదీ తీసేయడం లేదు" అని రాస్తే చదవడానికి బాగానే ఉంటుంది, కానీ దారి మూడో వంతుకి కుంచించుకుపోయినట్టే. నివేదికలో సరిగ్గా అలాగే రాశారు. 6 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు ఉన్న బాక్సు కల్వర్టు పెడితే 30 మీటర్ల రోడ్డు కింద 0.8 వస్తుంది. రెండు వైపుల రోడ్లని కొంచెం విడదీసి మధ్యలో పైన ఖాళీ వదిలితే వెలుతురు దిగుతుంది, ఒక పొడవాటి చీకటి సొరంగం బదులు రెండు పొట్టివి అవుతాయి. దానికి అదనంగా పెద్ద ఖర్చు కూడా కాదు, డిజైన్ గీసేటప్పుడే అనుకోవాలి, కాంక్రీటు పోశాక ఎవరూ మార్చరు.

ఇది మన దేశంలో కుదరదు అనేవాళ్లకి చూపించడానికి పెంచ్ ఉంది. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ మధ్య 44వ జాతీయ రహదారి పెంచ్ టైగర్ రిజర్వు పక్కగా పోయే చోట జంతువుల కోసం 9 కట్టడాలు కట్టారు, 50 మీటర్ల నుంచి 750 మీటర్ల వెడల్పు దాకా. 2019లో వాటి కింద కెమెరాలు పెట్టి చూస్తే 18 రకాల అడవి జంతువులు వాడుకుంటున్నట్టు తేలింది, అందులో పులులూ ఉన్నాయి. భారతీయ వన్యప్రాణి సంస్థ 2016లోనే రోడ్లు, రైళ్లు, కరెంటు లైన్లు అడవుల్లో వేసేటప్పుడు ఏం చేయాలో మార్గదర్శకాలు ఇచ్చింది. మేం అడిగిందంతా అందులో ఉన్నదే. కొత్త కోరికేదీ మా సొంతంగా పుట్టించలేదు.

పరివేష్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో అనుమతుల దస్త్రాలు ఎవరైనా చూడొచ్చు. ప్రతిపాదనతో పాటు కేఎంఎల్ ఫైలు ఉంటుంది, దాన్ని గూగుల్ ఎర్త్‌లో తెరిస్తే రోడ్డు గీత కొండ మీద ఎక్కడ పడుతుందో కనిపిస్తుంది. మేం గుర్తించిన చోట్లని దాని మీద పెట్టి ప్రింటు తీశాం. మామూలు మనిషికి ఇంత బలమిచ్చే ఇంకో కాగితం నేను చూడలేదు, ఎందుకంటే కిలోమీటరు నంబరుతో సహా మాట్లాడొచ్చు, అప్పుడు "మీరు ఎక్కడి సంగతి చెబుతున్నారో" అని ఎవరూ తప్పించుకోలేరు.

అసలు కష్టం మాత్రం ఊళ్లోనే ఎదురైంది.

సభకి ముందు రైతులతో కూర్చున్నాం. రోడ్డు పక్క భూములున్నవాళ్లకి పరిహారం టెన్షన్, బోరు పోతుందేమో, తోట పోతుందేమో అని. వాళ్ల మధ్యకి పోయి జంతువుల దారి అంటే ఎలా ఉంటుంది. ఒకాయన లేచి "ఏందబ్బీ, పందులు వచ్చి శెనక్కాయంతా తవ్వి పోతాండాయి, మీరు వాటికి దోవ గూడా చూపిచ్చాలంటారా?" అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. రాత్రంతా మంచె మీద కాపలా కాసే మనిషి ఆయన. ఆ కోపంతోనే కొంతమంది కంచెకి దొంగ కరెంటు పెడతారు, బైకు క్లచ్ వైర్లతో ఉచ్చులు వేస్తారు, అందులో పందితో పాటు చిరుతా, ఎలుగూ, ఒక్కోసారి మనిషీ పోతున్నాడు.

మేం చెప్పింది ఒక్కటే. జంతువులు ఇప్పుడు ఎక్కడబడితే అక్కడ దాటుతున్నాయి కాబట్టే ఎక్కడబడితే అక్కడ పొలాల్లో పడుతున్నాయి. రోడ్డు పక్కన దారి చూపే కంచె వేసి, అవి వాగులోంచి మాత్రమే పోయేలా చేస్తే పొలం మీదికి వచ్చేవి తగ్గుతాయి. పూర్తిగా ఆగుతాయని మేం చెప్పలేదు. పంట నష్టపరిహారం దరఖాస్తు ఎలా పెట్టాలో, ఫోటోలు ఎప్పుడు తీయాలో, ఎవరికి తెలపాలో కూర్చుని రాసి ఇచ్చాం, ఇద్దరు ముగ్గురికి మేమే తీసుకెళ్లి పెట్టించాం. ఈ పని చేయకుండా పులి గురించి ఎంత మాట్లాడినా ఊరు వినదు, వినాల్సిన అవసరం కూడా లేదు దానికి.

వాగు పోరంబోకులోకి ముందుకొచ్చిన కంచెల గురించి మాట్లాడటం ఇంకా కష్టమైంది. రాతి బ్రిడ్జి దగ్గర వాగు గట్టు దాకా ముళ్లతీగ వచ్చేసింది, జంతువు బ్రిడ్జి కింద నుంచి బయటికి రాగానే తీగకి తగులుతుంది. చట్టప్రకారం అది ప్రభుత్వ నేల. ఫిర్యాదు పెట్టొచ్చు, కానీ పెడితే ఆ రైతు జీవితాంతం మాకు శత్రువు, ఆ దారికీ శత్రువే. అందుకని ఆయన ఇంటికి పోయి, వాళ్ల నాయన కూడా ఉండగా, మెల్లగా అడిగాం. చాలాసార్లు పోవాల్సి వచ్చింది. చివరికి పెద్దాయనే, అంటే ఆ రైతు నాయనే, "నా చిన్నప్పుడు ఆ వాగులో అంతా జింకలే, కంచె ఈ పక్కకి జరపరా" అన్నాడు. కంచె వెనక్కి జరపడానికి కూలీ మేం పెట్టుకున్నాం. పక్క పొలం ఆయన ఇంకా ఒప్పుకోలేదు.

సభ రోజు షామియానా, మైకు, వీడియో కెమెరాలు. జిల్లా అధికారి అధ్యక్షత, కాలుష్య నియంత్రణ మండలి తరఫున ఒకరు. ఈ సభకి కోరం ఏమీ ఉండదు, ఎంతమంది వస్తే అంతమంది, కానీ మాట్లాడినదంతా రికార్డు అవుతుంది, లేవనెత్తిన ప్రతి అంశానికీ ప్రాజెక్టు పెట్టేవాళ్లు జవాబు రాయాలి. అందుకే ఉపన్యాసం కంటే అడిగేది ముక్కలు ముక్కలుగా, విడివిడి ప్రశ్నలుగా ఉండాలి. ఒకటే పెద్ద వాక్యంగా "అడవిని కాపాడండి" అంటే దానికి "కాపాడతాం" అని ఒక్క మాటలో జవాబు వస్తుంది.

మేం మూడు చోట్ల పైపులు తీసి బాక్సు కల్వర్టులు కట్టమని, లోపల అడుగు భాగం కాంక్రీటు కాకుండా మట్టి ఉండాలని, నీళ్లు పారే కాలంలో కూడా చిన్న జంతువులు నడవడానికి పక్కన ఎత్తుగా అరుగులా వదలమని, రాతి బ్రిడ్జి ఉన్న చోట కొత్త బ్రిడ్జి దానికంటే పొట్టిగా ఉండకూడదని అడిగాం. చింతచెట్ల వరసలో కొట్టక తప్పని చోట కొమ్మల ఎత్తులో తాళ్ల వంతెనలు కట్టమన్నాం. ఆ దాటే చోట్లకి దగ్గరలో వీధి దీపాలు, లారీలు ఆగే స్థలాలు, దాబాలు రాకూడదన్నాం. దాబా వస్తే ఎంగిలి, ఎంగిలి ఉంటే కుక్కలు, కుక్కలుంటే దుప్పి ఆ పక్కకే రాదు. మాటల్లో ఇది చాలా చిన్న విషయంలా ఉంది కానీ ఎంత మంచి కల్వర్టు కట్టినా దాని నోటి దగ్గర కుక్కల గుంపు ఉంటే అది వట్టి కాంక్రీటే.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 38ఓ సెక్షన్ కూడా చదివాం. ఒక రక్షిత ప్రాంతాన్ని లేదా టైగర్ రిజర్వుని ఇంకోదానితో కలిపే నేలని, పర్యావరణానికి నష్టం చేసే పనులకి మళ్లించకుండా చూడటం పులుల ప్రాధికార సంస్థ బాధ్యత. ప్రజా ప్రయోజనం అనుకుంటే, ఆ సంస్థ సలహాతో జాతీయ వన్యప్రాణి మండలి ఆమోదం ఉండాలి. నేను ఈ వాక్యం చదువుతుంటే షామియానాలో వెనక వరసలో "రోడ్డు ఆపడానికి వచ్చారు వీళ్లు" అని ఎవరో అరిచారు. మేం రోడ్డు వద్దనలేదు. మా వాళ్లూ ఆ రోడ్డు మీదే ఆసుపత్రికి పోతారు. అదే మళ్లీ మైకులో చెప్పాను. మా తర్వాత మాట్లాడిన రైతు, అదే శెనక్కాయ రైతు, పరిహారం గురించి చెప్పి చివర్లో "ఆ వాగు కాడ పెద్ద తూము పెట్టండి సార్, నీళ్లూ పోతాయి, జింకలూ పోతాయి" అన్నాడు. మేం పెట్టిన కాగితాలన్నింటి కంటే ఆ మాటకే అధికారి తల ఎత్తి చూశారు.

ఇలా మాట్లాడితే ఫలితం ఉంటుందా అని అడిగేవాళ్లకి మా జిల్లాలోనే ఒక పాత సంగతి ఉంది. కలివికోడి అంతరించిపోయిందనుకున్న పక్షి, 1986లో మళ్లీ మా లంకమల చుట్టుపక్కల పొదల్లోనే దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ల వెతుకులాటలో, ఐతన్న అనే స్థానికుడి చేతికి. అది బతికేది దట్టమైన అడవిలో కాదు, మనం పనికిరాదనుకునే పల్చని పొదల నేలలో. తర్వాత తెలుగుగంగ కాలువ ఆ నేల మీదుగా రాబోతే, పెద్ద పోరాటం తర్వాత కాలువ దారే మార్చారు. కాలువంత పెద్దది పక్కకి జరిగినప్పుడు ఒక తూము పెద్దది చేయడం అసాధ్యమేమీ కాదు.

చివరి నివేదికలో మా ప్రశ్నలకి జవాబుల పట్టిక వచ్చింది. మూడింటిలో రెండు చోట్ల పైపులకి బదులు బాక్సు కల్వర్టులు ఒప్పుకున్నారు, ఒకటి మేం అడిగిన కొలతకే, ఇంకోటి ఎత్తు తగ్గించి. లోపల మట్టి నేల సరేనన్నారు. మూడో చోటు "వన్యప్రాణి అధ్యయనం తర్వాత నిర్ణయిస్తాం" అని వదిలేశారు. రాతి బ్రిడ్జి ఎత్తు తగ్గదని రాతపూర్వకంగా ఇచ్చారు, అది మాకు అన్నింటికంటే పెద్ద ఊరట. తాళ్ల వంతెనల గురించి "పరిశీలిస్తాం". దాబాల గురించి ఏమీ రాయలేదు, అది తమ పరిధిలోకి రాదట.

రాత్రిపూట వాహనాలు ఆపడం మేం అడగలేదు. హైదరాబాద్ శ్రీశైలం రోడ్డు మీద అమ్రాబాద్ అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆపుతారు, దాని వల్ల అక్కడి జంతువులకి చాలా మేలు, కానీ అది టైగర్ రిజర్వు లోపలి రోడ్డు. మా రోడ్డు మధ్య నేలలోంచి పోతుంది, ఊళ్ల మధ్య నుంచి. సాధ్యం కానిదాన్ని పట్టుకుని కూర్చుంటే సాధ్యమయ్యేవి కూడా పోతాయని నా అభిప్రాయం. మాలో కొందరు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోరు.

పని మొదలయ్యాక చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. తవ్విన మట్టిని తీసుకొచ్చి తూము నోటి దగ్గరే పోస్తారు. ఎవరికీ దురుద్దేశం ఉండదు, లారీకి అది దగ్గర, అంతే. అలా పోసిన ప్రతిసారీ ఫోటో తీసి సైట్ ఇంజనీరుకి పంపుతున్నాం, ఆయన చాలా వరకు తీయిస్తున్నారు. కాగితం మీద గెలిచింది నేల మీద ఉందో లేదో చూడటానికి ఎవరో ఒకరు వారం వారం అక్కడికి పోవాల్సిందే. మాతో నడిచిన వాచర్ పెద్దాయన రోజూ పోతాడు, మాకు ఫోన్ చేస్తాడు.

మధ్య నేలకి శాశ్వతంగా ఏదో ఒక రక్షణ కావాలని ఇప్పుడు రెండో పని పట్టుకున్నాం. వన్యప్రాణి చట్టంలో 36ఏ సెక్షన్ కింద కన్జర్వేషన్ రిజర్వు అని ఉంది. రక్షిత ప్రాంతాల పక్కన, వాటిని ఒకదానితో ఒకటి కలిపే ప్రభుత్వ భూములకి అది సరిపోతుంది, స్థానికులతో మాట్లాడాకే ప్రకటించాలి. పట్టా భూమి అయితే యజమాని తనంతట తాను ముందుకొస్తే 36సీ కింద కమ్యూనిటీ రిజర్వు చేయొచ్చు. ఊరికి తెలియకుండా పైనుంచి వచ్చే ఏ ప్రకటనైనా జనం భయపడతారు, మేత పోతుంది, కట్టెలు పోతాయి, రేపు పొలమూ పోతుందని. వాళ్ల భయం తీరకుండా ముందుకి పోకూడదనే మేం అనుకుంటున్నాం, అందుకే మేకల కాపరులతో మొదలుపెట్టాం, ఏ నెలల్లో ఎక్కడ మేపుతారో వాళ్ల చేతే గీయించుకుంటున్నాం.

మూడో తూము దగ్గర అధ్యయనం చేసేవాళ్లు ఇంకా రాలేదు. వాళ్లు వచ్చే లోపు వేసవిలోనూ, వానలు పడ్డాకా, చలికాలంలోనూ అక్కడి అడుగుల రికార్డు మా దగ్గర సిద్ధంగా ఉండాలని, మట్టి పరిచే పని ఆపకుండా చేస్తున్నాం. మీ వైపు ఏదైనా రోడ్డుకో లైనుకో నోటీసు వస్తే ముందు కేఎంఎల్ ఫైలు దించుకోండి, దాంతో పాటే మీ ఊరి మేకల కాపరిని కలవండి. తెలుగు సారాంశం చదివాక "జంతువులు" అనే పేరా ఎంత ఉందో చూడండి, అది పల్చగా ఉంటే ఆ నెల రోజులూ ఖాళీగా పోనివ్వకండి.